రిసీవరు వేలం తర్వాత 21 రోజులు

ఈమధ్య నా దగ్గరికి వస్తున్న ఐపీ (ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా అర్జీ) కేసుల్లో ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ కనబడుతోంది. ఆత్మకూరు నుంచి ఒకరు, వెలుగోడు పక్క పల్లె నుంచి ఒకరు, శ్రీశైలం నుంచి మరొకరు వచ్చారు. ముగ్గురూ అప్పులు మోయలేక ఐపీ పెట్టినవాళ్ళే. ముగ్గురి పొలాలనూ అఫీషియల్ రిసీవరు వేలం వేశాడు. ధర బాగా తక్కువకు పోయిందని ముగ్గురికీ తెలుసు. అయినా వేలం అయిన రెండు మూడు నెలలకు గాని కాగితాల సంచి పట్టుకొని వకీలు గడప తొక్కలేదు. ముగ్గురూ అడిగింది ఒకటే: "అప్పీలు చేయొచ్చా సార్?"

చేయవచ్చు. ఐపీలో ఉన్న మనిషికి ఆస్తి మీద పెత్తనం పోతుంది గాని కోర్టుకు వెళ్ళే హక్కు పోదు. అయితే ఆ హక్కుకు గడువుంది. రిసీవరు చేసిన పని మీద అభ్యంతరం చెప్పాలంటే, ఆ పని జరిగిన తేదీ నుంచి 21 రోజుల్లోగా, ఐపీ నడుస్తున్న కోర్టులోనే పిటిషన్ పడాలి. గడువు లెక్క మీకు కబురు తెలిసిన రోజు నుంచి మొదలవదు. కాపీ చేతికొచ్చిన రోజు నుంచీ మొదలవదు. పని జరిగిన రోజు నుంచే మొదలవుతుంది. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టంలో 68వ సెక్షన్ చివర ఈ షరతు స్పష్టంగా ఉంది. దాన్ని చదవని వకీళ్ళ వల్ల, చదివినా చెప్పని గుమస్తాల వల్ల, చెప్పినా పట్టించుకోని కక్షిదారుల వల్ల పొలాలు పోతున్నాయి.

"2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కదా, ఈ పాతది ఇంకా ఉందా?" అని చదువుకున్నవాళ్ళు కూడా అడుగుతున్నారు. ఉంది. కొత్త చట్టంలో 243వ సెక్షన్ పాత చట్టాలను రద్దు చేస్తుందని రాసి ఉన్నా, ఆ సెక్షన్‌ను అమల్లోకి తేలేదు. ఈ సంగతిని కేంద్ర ప్రభుత్వమే 2017 ఆగస్టులో వివరణగా చెప్పింది. వ్యక్తులకు సంబంధించి కొత్త చట్టం 2019 డిసెంబరు 1 నుంచి అమలవుతున్నది ఒక్క తరగతికే: కంపెనీ అప్పులకు పూచీకత్తు సంతకం పెట్టినవాళ్ళకు. అంగడి పెట్టుకున్నవాడు, రైతు, చీటీలు నడిపి నష్టపోయినవాడు, ప్రోనోట్ల మీద అప్పు చేసినవాడు, వీళ్ళందరికీ నేటికీ 1920 చట్టమే దిక్కు.

శ్రీశైలం నుంచి వచ్చినాయన కేసు ఇప్పుడు నా బల్ల మీదుంది. గుడి దగ్గర పసుపు కుంకుమ, విభూతి, రుద్రాక్షలు, పిల్లల బొమ్మలు అమ్మే అంగడి ఆయనది. అక్కడి వ్యాపారం తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఏడాది సంపాదనంతా శివరాత్రికి, ఉగాదికి ముడిపడి ఉంటుంది. శివరాత్రికి మనవాళ్ళు, ఉగాదికి కన్నడ భక్తులు కాలినడకన వస్తారు. ఆ రెండు తిరునాళ్ళకు సరుకు దించాలంటే ముందే అప్పు చేయాలి. 2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. దించిన సరుకు దించినట్టే ఉండిపోయింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి రాసిన ప్రోనోట్లు మాత్రం పెరుగుతూ పోయాయి. దావాలు పడ్డాయి, డిక్రీలు అయ్యాయి, ఈపీల్లో (డిక్రీ అమలు పిటిషన్లలో) అరెస్టు నోటీసులు వచ్చాయి. అప్పుడు ఎవరో చెబితే ఐపీ పెట్టాడు.

శ్రీశైలంలో అంగళ్ళ గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. అది అడవి మధ్య ఉన్న క్షేత్రం. దేవస్థానం అంగడిని నడుపుకునేవాడికి ఉండేది లైసెన్సో లీజో తప్ప ఆ గోడల మీద హక్కు కాదు. దేవస్థానం అనుమతి లేకుండా రిసీవరు దాన్ని సొంత ఆస్తిలాగా వేలం వేయలేడు. అందుకే అప్పులవాళ్ళ కళ్ళన్నీ ఆయనకు ఆత్మకూరు వైపు తండ్రి ద్వారా వచ్చిన నాలుగెకరాల మీదే పడ్డాయి. కోర్టులో రుజువైన అప్పులు మొత్తం 18 లక్షలు. పొలం వేలంలో 11 లక్షలకు పోయింది. అదే ఏడాది పక్క గట్టున ఎకరం 7 లక్షల చొప్పున రిజిస్టరైన దస్తావేజు నకలు ఆయన సంచిలోనే ఉంది. అంటే సరైన ధర వస్తే అప్పులన్నీ తీరి, వడ్డీలు, ఖర్చులు పోయినా ఎంతో కొంత మిగిలేది.

"మరి అప్పుడే ఎందుకు రాలేదు?" అని అడిగాను. "రిసీవరే కోర్టు మనిషి కదా సార్, ఆయనే చూసుకుంటాడనుకున్నాం. ముందున్న లాయరు సార్ 60 రోజులు టైముందని చెప్పినాడు. ఇంగ శివరాత్రి వచ్చె, అంగడి వదిలి యాడికి పోయేది?" అన్నాడు. పక్కన ఆయన భార్య, "నేను మొదటి వారమే పొమ్మన్యా సార్, వినల్యా" అంది.

60 రోజులనే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన ప్లీడర్లలో చాలామందికి ఈపీలు అలవాటు. డిక్రీ అమలులో కోర్టు వేలం వేస్తే, అందులో అక్రమం జరిగిందని దాన్ని కొట్టేయించుకోవడానికి 60 రోజుల గడువుంది. అదే లెక్కను ఐపీకి తెచ్చి అంటిస్తున్నారు. రిసీవరు వేలం ఈపీ వేలం కాదు. ఇన్సాల్వెంట్‌గా ప్రకటించిన రోజున ఆ మనిషి ఆస్తి 28వ సెక్షన్ కింద కోర్టుకో రిసీవరుకో దఖలు పడుతుంది. పిటిషన్ వేసిన తేదీ నుంచే దఖలు పడినట్టు చట్టం లెక్కిస్తుంది. 59వ సెక్షన్ కింద రిసీవరు తనకు దఖలైన ఆస్తిని తానే అమ్ముతాడు. అది కోర్టు చేసిన అమ్మకం కాదు గనుక సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో కోర్టు వేలాలకు పెట్టిన రక్షణలు దానికి వర్తించవు. ఉన్న దారి 68వ సెక్షన్ ఒక్కటే. అందులో గడువు 21 రోజులు. ఈపీ అనుభవంతో 60 రోజులు చెప్పే వకీలు మాట నమ్మకండి. నేరుగా జిల్లా కోర్టులో అప్పీలు వేద్దామనే మాటా నమ్మకండి. రిసీవరు చేసిన పని మీద జిల్లా కోర్టుకు నేరుగా అప్పీలు ఉండదు. ముందు 68 కింద ఐపీ కోర్టుకు వెళ్ళాలి. ఆ కోర్టు ఇచ్చే ఉత్తర్వు మీద మాత్రమే పై కోర్టుకు పోగలం.

ఆ పై మెట్టు 75వ సెక్షన్. సీనియర్ సివిల్ జడ్జి కోర్టు ఇచ్చిన ఉత్తర్వు మీద జిల్లా కోర్టుకు 30 రోజుల్లో అప్పీలు. జిల్లా కోర్టే మొదట విచారించిన కేసైతే హైకోర్టుకు 90 రోజులు. అందులోనూ కొన్ని రకాల ఉత్తర్వులకు ముందుగా అనుమతి తీసుకోవాలి. జిల్లా కోర్టు అప్పీలులో ఇచ్చిన తీర్పే మామూలుగా ఆఖరు. అది చట్టప్రకారం ఉందో లేదో చూడమని హైకోర్టును అడగవచ్చు. ఆస్తి ఎవరిదన్న తగాదాలాంటి 4వ సెక్షన్ నిర్ణయాలపై రెండో అప్పీలు దారి కూడా ఉంది. ఈ అంచెలన్నీ మీ వకీలు చూసుకుంటాడు. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది మొదటి మెట్టు. అక్కడ జారితే పైకి ఎక్కడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఆస్తి రిసీవరుకు పోయాక, "ఇది నాది కాదు, నేనెలా అడగగలను" అని చాలామంది అనుకుంటారు. అవతలి వకీలు కూడా కోర్టులో మొదట లేవనెత్తే అభ్యంతరం ఇదే: ఈయన ఇన్సాల్వెంటు, ఆస్తితో ఈయనకు సంబంధం లేదు, ఈ పిటిషన్ వేసే అర్హతే లేదు. దానికి జవాబు చట్టంలోనే ఉంది. 68వ సెక్షన్ "ఇన్సాల్వెంటు" అన్న మాటను మొట్టమొదట పెట్టి, ఆ తర్వాతే అప్పులవాళ్ళను, ఇతరులను చెప్పింది. 75వ సెక్షన్ "అప్పుదారు" అన్న మాటతోనే మొదలవుతుంది. కాబట్టి అర్హత లేదన్న వాదనను అక్కడే తిప్పికొట్టాలి.

అయితే రెండు సెక్షన్లలోనూ ఇంకో మాట ఉంది, బాధితుడై ఉండాలని. ఇక్కడే పిటిషన్లు పోతున్నాయి. ఎవరు బాధితుడన్న ప్రశ్నకు ఇంగ్లండులో 1880లో ఎక్స్ పార్టే సైడ్‌బాథమ్ కేసులో చెప్పిన అర్థాన్నే మన కోర్టులు ఇన్నేళ్ళుగా చూస్తూ వచ్చాయి. మన సుప్రీంకోర్టు 1975లో జస్‌భాయ్ మోతీభాయ్ దేశాయ్ కేసులో ఆ మాటను విస్తారంగా చర్చించింది. ఉత్తర్వు నచ్చకపోతే, మనసు నొచ్చుకుంటే చాలదు. దానివల్ల చట్టం గుర్తించే నష్టం ఏదో మనకు జరిగి ఉండాలి. అంటే జడ్జి అడిగేది ఇదీ: "ఈ వేలం కొట్టేస్తే నీకు ఒరిగేదేమిటి?"

మా ప్రాంతంలో పడే పిటిషన్లలో పదింటికి తొమ్మిదింట్లో ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. "పొలం మా తాతలది, తక్కువకు పోయింది, అన్యాయం జరిగింది" అని రాసి ఊరుకుంటారు. తాతల పొలం రిసీవరుకు దఖలైపోయింది, కోర్టుకు ఆ మాటతో పని లేదు. రాయాల్సింది లెక్క. 67వ సెక్షన్ ఏం చెబుతుందంటే, అప్పులన్నీ వడ్డీతో సహా, ఖర్చులతో సహా తీరాక మిగిలింది ఇన్సాల్వెంటుకు చెందుతుంది. రుజువైన అప్పు ఇంత, వేలంలో వచ్చింది ఇంత, మార్కెట్లో ధర ఇంత అనడానికి రిజిస్ట్రేషన్ నకళ్ళు ఇవిగో, సరైన ధర వస్తే నాకు ఇంత మిగిలేది అని పిటిషన్ మొదటి పేజీలోనే ఉండాలి. శ్రీశైలం కక్షిదారు పిటిషన్‌లో మేం మొదటి పేరాలో రాసింది ఇదే. మిగులు చూపించగలిగినవాడు బాధితుడు కాడని అనడం కష్టం.

మరి ఎంత ధరకు అమ్మినా అప్పు తీరని మనిషి సంగతేమిటి? వెలుగోడు వైపు నుంచి వచ్చినాయనది అలాంటి కేసు. అప్పులు 60 లక్షలు దాటాయి, ఉన్న పొలం బంగారం పలికినా అంత రాదు. "నీకు మిగిలేదేమీ లేదు కదా, నీకేం బాధ" అని అవతలివాళ్ళు అంటారు. ఇక్కడ చాలామంది వకీళ్ళు చేతులెత్తేస్తారు. ఎత్తనక్కర్లేదు. 42వ సెక్షన్ చూడండి. ఇన్సాల్వెంటు చివరకు కోరుకునేది డిశ్చార్జి, అంటే ఆ అప్పుల నుంచి విముక్తి. తాకట్టు లేని అప్పుల మొత్తంలో రూపాయికి 50 పైసల విలువైన ఆస్తి కూడా లేకపోతే కోర్టు పూర్తి డిశ్చార్జి ఇవ్వకూడదు, తన తప్పు లేని కారణాల వల్ల అలా అయిందని ఆ మనిషి కోర్టును ఒప్పిస్తే తప్ప. అంటే రిసీవరు పొలాన్ని సగం ధరకు అమ్మితే, ఆ మనిషి 50 పైసల గీత కిందికి జారిపోతాడు. పొలంతోపాటు విముక్తి కూడా చేజారుతుంది. ఇది నష్టం కాక మరేమిటి? నా వాదన ఇది, దీన్ని పిటిషన్‌లో రాయండి. పైగా డిశ్చార్జి విచారణలో రిసీవరు రిపోర్టు సాక్ష్యంగా చెల్లుతుంది. ఆ రిపోర్టులోకి ఎక్కే అంకె ఈ వేలంలోనే తేలుతుంది.

ఇక గడువు దాటిపోతే ఏం చేయాలని అడుగుతున్నారు. ఈ చట్టం కింద వేసే అప్పీళ్ళకు, పిటిషన్లకు లిమిటేషన్ చట్టంలోని 5, 12 సెక్షన్లు వర్తిస్తాయని 78వ సెక్షన్ చెబుతుంది. 5వది ఆలస్యాన్ని మన్నించమని అడిగే సెక్షన్, 12వది కాపీ తయారవడానికి పట్టిన రోజులను తీసివేసే సెక్షన్. ఆ ఆధారం మీదే మేం శ్రీశైలం కేసులో ఆలస్యం మన్నింపు పిటిషన్ వేశాం. కానీ 68వ సెక్షన్ షరతులో మాట చాలా గట్టిది. 21 రోజులు దాటితే పిటిషన్‌ను స్వీకరించనే కూడదని ఉంది. అవతలివాళ్ళు దాన్నే పట్టుకుంటారు, ఇప్పటికే పట్టుకున్నారు. మన్నింపు దొరుకుతుందన్న భరోసాతో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి.

కాపీ కోసం ఆగడం ఇంకో పెద్ద పొరపాటు. రిసీవరు వేలం మీద 68 కింద పిటిషన్ వేయడానికి ఏ ఉత్తర్వు కాపీతోనూ పని లేదు. వేలం నోటీసు, వేలం జరిగిన తేదీ, ధర, ఇవి చాలు. కాపీ కావాల్సింది కోర్టు ఉత్తర్వు మీద అప్పీలుకు. దానికైనా, ఉత్తర్వు చదివిన రోజే కాపీ అప్లికేషన్ వేయండి. సర్టిఫైడ్ కాపీ వెనక ముద్రలో వరసగా తేదీలుంటాయి: అప్లికేషన్ వేసింది, స్టాంపులు అడిగింది, స్టాంపులు ఇచ్చింది, కాపీ తయారైంది, తీసుకుంది. కాపీ తయారైందని బోర్డులో పెట్టాక మీరు తీసుకోకుండా జాప్యం చేసిన రోజులు మీ ఖాతాలోనే పడతాయి. స్టాంపులు అడిగాక ఇవ్వని రోజులూ అంతే. అసలు అప్లికేషనే వేయని మనిషికి తగ్గించడానికి రోజులేమీ ఉండవు.

కాపీ విషయంలో సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 22న వి. నాగరాజన్ కేసులో చాలా కటువుగా చెప్పింది. అది కొత్త చట్టం కింద కేసు. చెన్నై కంపెనీ లా ట్రిబ్యునల్ 2019 డిసెంబరు 31న ఉత్తర్వు చెప్పింది. అది వెబ్‌సైటులో పెట్టేసరికి 2020 మార్చి అయింది. అప్పీలు జూన్‌లో పడింది. సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టనేలేదు. ఉత్తర్వు చెప్పిన రోజు నుంచే గడువు మొదలైందని, కాపీ వస్తుందని చూస్తూ కూర్చునేవాడికి చట్టం సాయపడదని కోర్టు తేల్చింది. అంత పెద్ద వ్యాపారాల గొడవల్లోనే అలా ఉంటే, దోర్నాల ఘాట్ దాటి 150 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వాయిదాకు వచ్చే అంగడి మనిషిని "నీకు తెలియదులే" అని కోర్టు వదిలేస్తుందనుకోవడం పొరపాటు.

ఆ కొత్త చట్టం మాట వచ్చింది గనుక బేతంచెర్ల, బనగానపల్లె, ఎర్రగుంట్ల వైపు నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల యజమానులకు రెండు మాటలు. మీ యూనిట్ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే, బ్యాంకు మిమ్మల్ని అమరావతి బెంచి ట్రిబ్యునల్‌కు లాగితే, అక్కడ అప్పీలు గడువు 30 రోజులు. కారణం చూపితే మరో 15. ఆ తర్వాత ఒక్క రోజు కూడా మన్నించే అధికారం ఎవరికీ లేదు. అప్పీలు అప్పీలేట్ ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళుతుంది. అప్పీలు ఎవరి పేరు మీద వేయాలన్నది కూడా ముఖ్యం. 2017 ఆగస్టు 31న ఇన్నోవెంటివ్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, కంపెనీని చేతిలోకి తీసుకునే రిజల్యూషన్ ప్రొఫెషనల్ వచ్చాక పాత డైరెక్టర్లు కంపెనీ తరఫున అప్పీలు నడపలేరు. కాబట్టి కంపెనీ పేరు మీద వేయకండి, డైరెక్టరుగానో వాటాదారుగానో మీ సొంత పేరు మీద వేయండి. పూచీకత్తు సంతకం పెట్టినవాళ్ళయితే మీ ఇల్లు కూడా ఆ బల్ల మీదే ఉందని తెలుసుకోండి. పూచీకత్తుదారులకు కొత్త చట్టాన్ని వర్తింపజేసిన నోటిఫికేషన్ చెల్లుతుందని 2021 మే 21న, ఆ నిబంధనలు రాజ్యాంగబద్ధమేనని 2023 నవంబరు 9న సుప్రీంకోర్టు తేల్చేసింది.

మళ్ళీ పాత చట్టానికి వస్తాను. అప్పులవాడే మీ మీద ఐపీ వేసి మిమ్మల్ని ఇన్సాల్వెంట్‌గా ప్రకటింపజేస్తే, ఆ ఉత్తర్వు మీద అప్పీలుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ అప్పీలు నేరుగా మీది, 30 రోజులు. ఇక్కడ జనం చేసే పని ఏమిటంటే, కేసు వేసిన అప్పులవాడితో పెద్దమనుషుల ఎదుట రాజీ పడి, వాడి బాకీ తీర్చి, "కేసు అయిపోయింది" అనుకొని ఇంటికి పోతారు. కేసు అయిపోదు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఏనుముల మల్లుదొర కేసు 1966 రిపోర్టుల్లో ఉంది. కొందరి అప్పు తీర్చినంత మాత్రాన దివాలా చర్య చెరిగిపోదని, దాన్ని మిగతా అప్పులవాళ్ళందరూ వాడుకోవచ్చని, అందరి బాకీ తీరేదాకా తన తాహతును ఆ మనిషే రుజువు చేసుకోవాలని ఆ తీర్పు చెప్పింది. రాజీ మాటల్లో మునిగి 30 రోజులు పోగొట్టుకున్నవాళ్ళను చూసి చూసి విసిగిపోయాను. రాజీ చేసుకోండి, దానితోపాటు అప్పీలూ వేసి ఉంచుకోండి.

మీరు ఎదుర్కొంటున్న ప్రోనోటు దొంగదైతే, దాని మీద అయిన డిక్రీ సంగతి వేరు. ఇంగ్లండులో 1993 నాటి హీత్ వర్సెస్ టాంగ్ తీర్పు ప్రకారం, దివాలా ఉత్తర్వు మీద ఆ మనిషి అప్పీలు చేయవచ్చు గాని, దానికి మూలమైన డబ్బు డిక్రీ మీద తన పేరున అప్పీలు నడపలేడు, ఆ హక్కు ట్రస్టీకి పోతుంది. మన దగ్గర కూడా దఖలైన ఆస్తి మీద దావాలు, అప్పీళ్ళు కోర్టు అనుమతితో నడపాల్సింది రిసీవరే. కాబట్టి రిసీవరుకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి: ఈ డిక్రీ దొంగ ప్రోనోటు మీదిది, అప్పీలు వేయండి అని. అర్జీ అందినట్టు సంతకం తీసుకోండి. ఆయన కాదన్నాడా, అది ఆయన నిర్ణయం. ఆ నిర్ణయం మీద మీకు 68వ సెక్షన్ ఉంది. అప్పుడు కూడా 21 రోజులే.

రిసీవర్ల గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. పని మీద శ్రద్ధ ఉన్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు నమస్కారం. కానీ పంట చేతికొచ్చే రోజుల్లో, ఊళ్ళో ఎవరూ ఉండరని తెలిసి వేలం పెట్టేవాళ్ళూ ఉన్నారు. దండోరా వేయించామని కాగితం మీద రాసి ఊళ్ళో వేయించనివాళ్ళు, ముగ్గురే పాడితే, అందులో ఇద్దరు అప్పులవాడి బావమరుదులైతే, వాయిదా వేయకుండా కొట్టేసేవాళ్ళు ఉన్నారు. ధర రానప్పుడు వేలం ఆపే అధికారం వాళ్ళకు ఉంది. ఆస్తి దఖలు పడటంతోనే అందరి మేలూ చూసే బాధ్యత కూడా వాళ్ళకు దఖలు పడుతుంది, అందులో ఇన్సాల్వెంటు మేలు కూడా ఉంది. ఆ బాధ్యతను గుర్తుచేయాల్సింది కోర్టు, కోర్టుకు చెప్పాల్సింది మీరు. అందుకే వేలం రోజున మీరు అక్కడ ఉండండి. ఎవరు ఎంత పాడారో రాసుకోండి. ఎక్కువ ఇస్తామనేవాళ్ళు ఉంటే వాళ్ళచేత అక్కడికక్కడే రాతపూర్వకంగా చెప్పించండి. తక్కువకు కొట్టేస్తున్నాడనిపిస్తే ఆ సాయంత్రమే వకీలు దగ్గరికి రండి. 20వ రోజు వరకు ఆగకండి, 21వ రోజు పండగ సెలవు వచ్చిందా లేదా అని లెక్కలు వేసుకునే అవసరం రాకూడదు.

ఇంకో సంగతి. రిసీవరుకు దఖలయ్యేది ప్రతి ఆస్తీ కాదు. 28వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కింద జప్తు చేయకూడనివి ఇక్కడా తీసుకోకూడదు. రైతు గాని కూలీ గాని నివాసముంటున్న సొంత ఇల్లు, వంట పాత్రలు, పరుపులు, పనిముట్లు, ఆడమనిషి మెడలోని తాళి ఇందులోకి వస్తాయి. వాటిని రిసీవరు జాబితాలో రాసుకుంటే, అదీ ఆయన పనే. మళ్ళీ అదే సెక్షన్, అదే గడువు.

శ్రీశైలం కేసులో ఇప్పుడు ఏం జరుగుతోందంటే, వేలం పాడినాయనకు రిసీవరు ఇంకా దస్తావేజు రిజిస్టరు చేయలేదు. అది మాకు దొరికిన ఒకే ఒక్క ఊపిరి. రిజిస్ట్రేషన్ ఆపమని, వచ్చిన డబ్బు పంచవద్దని మధ్యంతర పిటిషన్ వేశాం. వేలానికి ముందు ఇన్సాల్వెంటుకు కబురు లేదని, పక్క పొలాల ధర రిసీవరు విచారించలేదని రాశాం. 22 లక్షలకు కొంటామని ఒక రైతు ఇచ్చిన అఫిడవిట్ జతచేశాం. రిసీవరు కౌంటరు కోసం వాయిదా పడింది. ఆలస్యం గండం దాటితే కేసులో బలం ఉంది.

వెలుగోడు ఆయన వేలం తిరగబడే అవకాశం నాకు కనబడటం లేదు, దస్తావేజు కూడా అయిపోయింది. కానీ ఆయన ప్రకటన ఉత్తర్వులో డిశ్చార్జికి దరఖాస్తు చేసుకోవడానికి కోర్టు ఇచ్చిన గడువు ఇంకా మిగిలి ఉంది. ఆ గడువులో దరఖాస్తు వేయకపోతే 43వ సెక్షన్ కింద ఐపీయే రద్దయి, అప్పులవాళ్ళందరూ మళ్ళీ ఈపీలతో ఇంటి మీదికి వస్తారు. అందుకే ఈ వారమే దరఖాస్తు వేస్తున్నాం. రూపాయికి 50 పైసలు ఎందుకు రాలేదో, అందులో కరువెంతో, తక్కువకు పోయిన వేలమెంతో ఏడాదివారీగా రాస్తున్నాం. కోర్టు కాదంటే ఆ ఉత్తర్వు మీద అప్పీలు ఆయనదే, ఆయన పేరు మీదే, 30 రోజుల్లో. కాపీ అప్లికేషన్ ఫారం ఇప్పుడే నింపి ఫైలులో పెట్టాను.